శనగపప్పు పొట్లంలో తుఫాను

మా స్టాఫ్ రూమ్‌లో ఈ ఏడాది కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె ఉంది. మధ్యాహ్నం అందరం డబ్బాలు తెరిచి వానల గురించో, ఉల్లిగడ్డ ధర గురించో, ముందురోజు ఆట గురించో మాట్లాడుకుంటుంటే, తను మాత్రం కిటికీ పక్కన కూర్చుని డబ్బా మూత చాటున తింటుంది. పోయిన వారం చేతులు కడుక్కునే చోట నన్ను ఆపి, చుట్టూ చూసి, మెల్లగా అడిగింది.

"మేడమ్, మీకు ఇన్ని సంగతులు ఎట్ల తెలుసు? నాకు ఏం తెల్వదు. గందుకే నలుగుర్ల కూసోబుద్ధి కాదు. జనరల్ నాలెడ్జి పుస్తకం ఏదన్న మంచిది ఉంటే చెప్పుండ్రి, సదువుకుంట."

గంట కొట్టారు. తర్వాత చెబుతానని తప్పించుకున్నాను. ఇంటికి వెళ్లి పాత డైరీల్లో ఒకదాన్ని వెతికి తీశాను. పొడుగాటి లెక్కల నోటుబుక్కు అది. పేజీలు ఉబ్బి, అట్ట మూసినా మూసుకోదు. తెరిస్తే ఇప్పటికీ ఎక్కడో పప్పు వాసన, ఎక్కడో నూనె వాసన. దాన్ని ముందేసుకుని కూర్చుంటే ఆ ఎండాకాలమంతా వచ్చి ఎదురుగా కూర్చుంది.

ఇంటర్ రెండో ఏడు పరీక్షలకు మాకు సెంటర్ సంగారెడ్డిలో పడింది. చివరి పరీక్ష రాసి ఇంటికి బస్సెక్కాను. మా ఇస్నాపూర్ చౌరస్తా దగ్గరపడుతుంటే "ఆపండి" అనే మాట గొంతు దాకా వచ్చి అక్కడే నిలబడిపోయింది. ఇంకెవరైనా దిగుతారేమోనని చూశాను. ఎవరూ లేవలేదు. బస్సు మా చౌరస్తాను, టీ హోటల్‌ను, మా గల్లీ మలుపును ఒక్కొక్కటే దాటేసింది. ముత్తంగిలో ఎవరో ముసలాయన దిగితే ఆయన వెనకాల దిగి, లారీల గాలికి చున్నీ ఎగరకుండా పట్టుకుని హైవే వెంట వెనక్కి నడిచాను.

బాపు వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఎందుకు ఆలస్యమైందని అడిగితే నాకు అబద్ధం చెప్పడం కూడా రాలేదు.

అన్నాల దగ్గర బాపు అమ్మతో అన్నాడు. "సదువుకు నేను అడ్డం గాదు. మార్కులు మంచిగనే తెస్తది. గని బస్సు ఆపుమననీకి నోరు రాని పిల్లను డిగ్రీకని రోజూ సంగారెడ్డికి ఎట్ల పంపాలె? ఎవడన్న ఏమన్న అంటే జవాబు చెప్తదా?"

"మీ ఇంటి పోలికే. మీ అమ్మ గూడ గట్లనే ఉండె," అంది అమ్మ.

"మా అమ్మ కాలేజికి పోలే గద."

తర్వాత నా వైపు తిరిగాడు. కోపంగా కాదు, పొలం దగ్గర మోటరు ఎందుకు నీళ్లు ఎత్తడం లేదో చూసే మనిషిలాగ చూశాడు. "జూన్‌ల కాలేజి తెరుస్తరు. గప్పటి దాక నలుగురు కూసున్న కాడ నాలుగు మాటలు మాట్లాడు బిడ్డా. నేను ఇనాలె. ఇంటే ఫారం నేనే తెస్త. లేకుంటే ఇంట్లనే ఉండి ప్రైవేటుగ కట్టు."

నాకు ఉన్నది రెండు నెలలు.

నలుగురు కూర్చునే చోటు మా ఇంటి ముందే ఉంది. మాకు మిగిలిన ఎకరం ఒక పక్క, తాత కట్టించిన కిరాయి రూములు ఒక పక్క. రూములకూ మా ఇంటికీ కలిపి ఒకటే పొడుగాటి అరుగు. జనరల్ షిఫ్టు అయ్యి కంపెనీ బస్సు చౌరస్తాలో దింపి పోయాక బాపు, రూముల వాళ్లు కాళ్లు కడుక్కుని అరుగు మీద చేరేవాళ్లు. అమ్మ అల్లం దంచి వేసిన చాయ్ పెట్టేది. ఒక్కోరోజు ఇత్తడి పళ్లెంలో ఉడికించిన శనగ గుడాలు, ఉల్లిగడ్డ ముక్కలు వచ్చేవి. గాలి తిరిగితే కంపెనీల వైపు నుంచి, మూత తీసి మరిచిపోయిన మందు సీసా లాంటి వాసన వచ్చేది. మధ్య రూములో ఉండే బాయిలర్ మామ ఆ వాసన పీల్చి, "ఇయ్యాల మావోళ్లు కొత్త కూర వండుతుండ్రు," అనేవాడు.

ఆయన మెదక్ వైపు మనిషి, కంపెనీలో బాయిలర్ చూసేవాడు. మాకు చుట్టమేమీ కాదు. అయినా నన్ను "కోడలా" అని పిలిచి ఆటపట్టించేవాడు. చాయ్ గ్లాసులు పెట్టి నేను గుమ్మం వెనక్కి వెళ్తుంటే, "ఏంది కోడలా, నోట్లె ముత్యాలు పెట్టుకున్నవా? తెరిస్తే రాల్తయా?" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నేను గుమ్మం చాటున నిలబడి అన్నీ వినేదాన్ని.

వాళ్లు మాట్లాడని సంగతి ఉండేది కాదు. ఎవరి బోరు ఎండింది, ఏ ప్లాంటులో మనుషులను తీసేస్తున్నారు, ఎవరికి ఓట్లు పడతాయి, నిన్నటి మ్యాచ్ ఎందుకు ఓడిపోయారు, ఢిల్లీలో ఎవరు దిగి ఎవరు ఎక్కుతున్నారు. నాకు ఇవేవీ తెలియవు. తెలిస్తే మాట వస్తుందని, తెలియకనే రావడం లేదని నేను గట్టిగా నమ్మాను. అందుకని తెలుసుకోవడం మొదలుపెట్టాను.

పేపరు చౌరస్తాలో టీ హోటల్‌కు వచ్చేది. అక్కడ ఆడపిల్ల కూర్చునేది లేదు. నాకు దొరికిన పేపరల్లా సేటు దుకాణంలో పొట్లాలు కట్టే పేపరే. చక్కెర, పుట్నాలు, ఎండు మిర్చి, ఏది కట్టినా ఒక ముక్క వార్త ఇంటికి వచ్చేది. సామాను డబ్బాలో పోసి, ముక్కను అరచేత్తో చదును చేసి, మెత్తటి అన్నం మెతుకులతో డైరీలో అంటించి, కింద నా మాటల్లో రాసుకునేదాన్ని. ఆశ పెరిగి, అర్ధకిలో తెమ్మన్న పప్పును పావుకిలో చొప్పున రెండుసార్లు తెచ్చేదాన్ని.

"పొద్దుగాల పావు, పొద్దుమీకి పావు ఏంది? ఒక్కపారి తే రాదా?" అని అమ్మ అరిచేది.

సేటుకు మాత్రం అర్థమైంది. పొట్లం కట్టబోయి, "సినిమా ముక్క కావాల్నా, రాజకీయం కావాల్నా?" అని అడిగేవాడు. మ్యాచ్ స్కోరు ఉన్న ముక్కకు నేను వేలు చూపించేదాన్ని. నోరు తెరవకుండానే బేరమాడడం నాకు బాగా వచ్చు.

అయితే పొట్లం చదువుకు ఒక లోపం ఉంది. పైముక్క మా ఇంటికి వస్తే కిందిముక్క ఇంకెవరి ఇంటికో పోయేది. చాలా సంగతుల మొదలు తెలిసేది, చివర తెలిసేది కాదు. ఒక జట్టు నాలుగు వికెట్లు పడి కష్టాల్లో ఉన్నట్టు నా డైరీలో ఇప్పటికీ ఉంది. పాపం, వాళ్లు ఇంకా కష్టాల్లోనే ఉన్నారు.

అరుగు మీద నా తంటా వేరే. ఉల్లిగడ్డ ధర మాట వచ్చిందని, నాకు తెలిసిన వాక్యాన్ని లోపల రెండుసార్లు సరిచూసుకుని గుమ్మం దాటేసరికి, మాట బోరుబావుల మీదికి వెళ్లిపోయేది. బోరుబావుల వాక్యం కోసం వెనక్కి వెళ్లొచ్చేసరికి ఎవరిదో పెళ్లి. ఏప్రిల్ అట్లా అయిపోయింది. అరుగు మీద నేను అన్న మాటలు "చాయ్", "ఇంకింత?" అనే రెండే.

మొదటి రూములో టీచరమ్మ ఉండేది. ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేది, ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్లేది. నా డైరీ సంగతి ఆమె ఒక్కతెకే తెలుసు. తన రేడియోలో వార్తలు వచ్చే వేళకు నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేది.

చివరి రూములో ఒరిస్సా అన్న ఉండేవాడు. కాంట్రాక్టు మీద డ్రమ్ములు మోసే పని. అందరితో అరుగు మీద కూర్చునేవాడు కానీ, చివరన, గోడకు ఆనుకుని, నాలాగే వినేవాడు. "డ్యూటీ అయిపోయిందా?" అని ఎవరన్నా అడిగితే "అయ్యింది" అనేవాడు. ఏడాదిన్నరలో ఆయనతో ఎవరికైనా అంతకంటే పొడుగు మాట నడిచిందని నేననుకోను. రూముల వాళ్ల ఉత్తరాలు పోస్ట్‌మ్యాన్ మా ఇంట్లో ఇచ్చి పోయేవాడు కాబట్టి, పంచే పని నాది. ఆయన ఉత్తరాల వెనక రాసి ఉండే జిల్లా పేరు నాకు గుర్తుండిపోయింది.

మే నెలలో ఒక ఆదివారం. శనగపప్పు పొట్లం విప్పితే, ముక్క మీద ఆ జిల్లా పేరు. తీరం వైపు పెద్ద తుఫాను వస్తోందని, జాలర్లు సముద్రంలోకి పోవద్దని రాసి ఉంది. నాకు ఒళ్లంతా జలదరించింది. తుఫానుకు కాదని ఇప్పుడు ఒప్పుకుంటాను. మొదటిసారి నా దగ్గర ఒక సంగతి ఉంది, అది అరుగు మీద ఇంకెవరికీ తెలియదు. బాపు కూడా అక్కడే ఉన్నాడు.

ముక్క చేత్తో పట్టుకుని వెళ్లి, మాటల మధ్య సందు కోసం చూడకుండా అనేశాను. "అన్నా, మీ జిల్లాకు తుఫాను వస్తుందట. పేపర్ల పడ్డది."

అరుగు మొత్తం ఆగిపోయి నా వైపు చూసింది. బాపు మొహంలో ఒక్క క్షణం వెలుగు కనిపించింది. ఆ క్షణం కోసమే నేను ఇన్నాళ్లూ పప్పు తెచ్చాను.

ఒరిస్సా అన్న చేతిలోని గ్లాసు కింద పెట్టాడు. పెట్టడంలో ఒరిగి, చాయ్ అరుగు మీద పారింది. ఆయన లేచాడు. చెప్పులు కూడా వేసుకోకుండా చౌరస్తాలోని ఎస్టీడీ బూత్ వైపు పరుగు తీశాడు. బాపు సైకిల్ తీసుకుని వెనకాల వెళ్లాడు.

ఆదివారం సాయంత్రం బూత్ ముందు ఎప్పుడూ వరుస ఉంటుంది. వాళ్ల ఊళ్లో ఫోను ఒక దుకాణంలోనే ఉందట. అక్కడి నుంచి మనిషి వెళ్లి వాళ్ల అమ్మను పిలుచుకు రావాలి. గంటన్నర తర్వాత ఇద్దరూ తిరిగి వచ్చారు. ఒరిస్సా అన్న అంగీ చెమటకు ఒంటికి అతుక్కుని ఉంది.

"ఆడ ఎండ దంచుతుందట," అన్నాడు బాపు. "తుఫాను లేదు, మబ్బు లేదు."

టీచరమ్మ నా చేతిలోంచి ముక్క తీసుకుని వెనక్కి తిప్పింది. వెనకవైపు బట్టల దుకాణం ప్రకటన, చుట్టూ దీపాలు. దీపావళికి తగ్గింపు ధరలని ఉంది. మేము మే నెలలో ఉన్నాం. వెనక్కి తిప్పి చూడాలని నాకు తోచనేలేదు.

"నయం కోడలా," అన్నాడు బాయిలర్ మామ, "తాతల నాటి యుద్ధం పొట్లంల రాలే. లేకుంటే అందరం మంచాల కింద దూరుతుంటిమి."

నవ్వారు. ఒరిస్సా అన్న నవ్వలేదు. తన రూములోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. అది చూసి మామ నవ్వు ఆపేశాడు.

బాపు నన్ను తిట్టలేదు. "వచ్చే ఏడు సూద్దాం బిడ్డా కాలేజి సంగతి," అన్నాడు. అంతే అన్నాడు.

ఆ ముక్కను డైరీలో అంటించాను, మళ్లీ ఎప్పుడూ నోరు తెరవకూడదని గుర్తుండడానికి. కింద ఏమీ రాయలేదు. నాలుగు రోజులు చాయ్ గ్లాసులు కూడా అమ్మే తీసుకెళ్లింది.

ఐదో రోజు టీచరమ్మ నన్ను తన రూముకు పిలిచింది. స్టవ్ మీద ఉప్మా కలుపుతూ, నా వైపు చూడకుండానే అడిగింది.

"ఆయనకు సారీ చెప్పినవా?"

"లేదు టీచర్. ఏమని చెప్పాలె? నాకు ఏం మాట రాదు."

"ఇన్ని రోజులు నీకు తెలిసింది ఆయనకు చెప్పాలని సూసినవు. ఆయనకు తెలిసింది నువ్వు అడిగినవా ఎప్పుడన్న?"

ఆమె ఒక పళ్లెంలో ఉప్మా పెట్టి నా చేతికిచ్చింది. "పో, ఇచ్చి రా. ఒట్టిగ ఇచ్చి రాకు."

ఒరిస్సా అన్న అరుగు చివరన ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. బాపు, బాయిలర్ మామ ఇంకో చివర యూనియన్ ఎన్నికల మాటల్లో ఉన్నారు. పళ్లెం పెట్టి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చున్నీ కొస చుట్టుకుంటూ నిలబడ్డాను.

"తప్పయింది అన్నా. పాత పేపర్ అని సూడలే." ఆగాను. ఆగిన చోట నుంచి ఇంకొంచెం ముందుకు వెళ్లడం ఎంత కష్టమో నాలాంటి వాళ్లకే తెలుస్తుంది. "గా తుఫాను... నిజంగ వచ్చిందా, అప్పుడు?"

ఆయన పళ్లెం పక్కకు జరిపాడు. ఏడాదిన్నరలో నేర్చుకున్న తెలుగును కూడబలుక్కుంటూ మొదలుపెట్టాడు.

"వచ్చింది చెల్లె. నాకు తెలవదు. నేను ఇక్కడ డ్యూటీ చేస్తున్న. ఓటీ కూడా చేస్తున్న. అమ్మ మూడు రోజులు స్కూల్లో ఉన్నది. ఇల్లు పైకప్పు పోయింది, ఆవు పోయింది. చిట్టీ పన్నెండు రోజులకు వచ్చింది. అప్పుడు తెలిసింది."

ఆ ఉత్తరం ఆయనకు ఇచ్చింది నేనే. నీళ్లు పడి సిరా అలికిపోయిన కవరు. ఎవరో పిల్లలు తడిపి ఉంటారనుకుని ఇచ్చేసి వచ్చాను.

"పోయినసారి ఎవరూ చెప్పలేదు," అన్నాడు. "ఈసారి నువ్వు చెప్పినవు. పాతదే. అయినా చెప్పినవు. నాకు కోపం లేదు. భయం అయ్యింది, అంతే."

అరుగు ఆ చివర మాటలు ఎప్పుడు ఆగిపోయాయో నేను గమనించలేదు. బాపు లేచి వచ్చి మా పక్కన కూర్చున్నాడు.

"గప్పుడు నేను హోటల్ల సదివిన," అన్నాడు నేల వైపు చూస్తూ. "రోజూ సదివిన. గీ అరుగు మీదనే మాట్లాడుకున్నం గూడ, గాలికి రైలు డబ్బాలే పడిపోయినయట అని. నువ్వు ఆ మూలకే కూసున్నవు, గప్పటికి నీకు మా మాటలు సమజ్ గావు. నీ ఊరు ఆడనే అని ఒక్కనికీ తెల్వకపాయె."

నేను ఒరిస్సా అన్న వైపు తిరిగాను. "స్కూల్ల మూడు రోజులు ఏం తిన్నరు అన్నా?" అని అడిగాను.

"అటుకులు. బెల్లం." ఆయన మొహం కొంచెం సడలింది. "ఎండాకాలం అయితే మా దగ్గర పఖాళ తింటం. అన్నంలో నీళ్లు పోసి, పొద్దున దాకా ఉంచి. ఉల్లిగడ్డ, మిరపకాయ, కాల్చిన వంకాయ."

"గంతే గద మాదిగూడ," అన్నాడు బాయిలర్ మామ అక్కడి నుంచే. "మేం సల్ల పోస్తం, మీరు నీళ్లు పోస్తరు. గీ సంగతి ముందుగాల చెప్తే ఏడాదిన్నర సంది ఒక్కటే కుండ పెడుతుంటిమి గద."

ఒరిస్సా అన్న నవ్వాడు. ఆయన పన్ను ఒకటి విరిగి ఉందని ఆరోజే చూశాను. ఆ సాయంత్రం ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు, సముద్రం ఎట్లా వెనక్కిపోయి వస్తుందో, జీడితోటలు ఎట్లా పడిపోయాయో. ఆగినప్పుడల్లా నేను ఒక మాట అడిగేదాన్ని. లోపల సరిచూసుకునే తీరిక లేకపోయింది. ఉప్మా చల్లారిపోయింది. మర్నాడు అమ్మ అన్నంలో నీళ్లు పోసి, వంకాయ కాల్చి, ఒక గిన్నె చివరి రూముకు పంపింది.

జూన్ మొదటి వారంలో బాపు సెలవు పెట్టాడు. "తయారుకా. సంగారెడ్డికి పోదాం, ఫారం తెద్దాం," అన్నాడు. నాలుగు మాటలు విన్నానని గానీ, వచ్చే ఏడు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని గానీ అనలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా ముందు సీట్లో కూర్చుని, కావాలనే కళ్లు మూసుకున్నాడు. రుద్రారం దాటింది. చౌరస్తా కనిపిస్తోంది. బాపు నిద్ర నటన అంత బాగా ఏమీ లేదు, కనురెప్పలు కదులుతున్నాయి.

"ఇస్నాపూర్ ఆపాలె," అన్నాను. గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. కండక్టరు వెనక్కి తిరిగి చూసి, "ఆపుతనమ్మా, బస్సు నీదే," అన్నాడు.

మరుసటి ఏడాది కాంట్రాక్టు అయిపోయి ఒరిస్సా అన్న ఊరికి వెళ్లిపోయాడు. పెట్టె కట్టుకుని వచ్చి, ఆ పేపరు ముక్క ఉందా అని అడిగాడు. డైరీ తెచ్చి చూపించాను. తనకు తెలుగు చదవడం రాదు. ఏ అక్షరాలు వాళ్ల జిల్లా పేరో అడిగితే వేలితో చూపించాను, పెన్నుతో కింద గీత గీశాను.

"ఇంత దూరంలో మా జిల్లా గురించి రాసిండ్రు. అమ్మకు చూపిస్త," అన్నాడు.

నీళ్లతో తడిపి, చిరగకుండా ఒలిచి, ఆరబెట్టి ఇచ్చాను. దాన్ని నాలుగు మడతలు పెట్టి అంగీ జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఆయన కబురు మాకు తెలియదు. టీచరమ్మ వేరే ఊరి బడికి మారిపోయింది. సేటు కొడుకు ఇప్పుడు ప్లాస్టిక్ కవర్లలో తూకం వేసి అమ్ముతున్నాడు. ఎస్టీడీ బూత్ ఉన్న చోట సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది. అరుగు రోడ్డు వెడల్పులో పోయింది. నాకు ఏదైనా తెలుసు అని ఎవరన్నా అంటే, అందులో నాది చాలా తక్కువని, ఆ అరుగు మీద కూర్చున్న వాళ్లు అడిగితే పెట్టిందే ఎక్కువని వాళ్లకు చెప్పాలనిపిస్తుంది.

నిన్న మధ్యాహ్నం ఆ నోటుబుక్కు స్టాఫ్ రూమ్‌కు తీసుకెళ్లి, కిటికీ పక్కన ఆ అమ్మాయి ముందు పెట్టాను. "పుస్తకం అడిగినవు గద," అన్నాను. తను ఎడమచేత్తో పేజీలు తిప్పింది. వికెట్లు పడిన జట్టును చూసి నవ్వుకుంది. ఆ పేజీ దగ్గర ఆగింది. అక్కడ రాత లేదు. అరచేయంత ఖాళీ చదరం, అంచుల్లో ఎండిపోయిన మెతుకుల మరకలు. వాటిని వేలితో తడిమింది.

"ఈడ ఏముండె మేడమ్?" అని అడిగింది. అడిగి, డబ్బా మూత పక్కన పెట్టి, జవాబు కోసం నా వైపు తిరిగి కూర్చుంది.

నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.